విద్యా పరిశోధనలోకి మన బడుల అనుభవాన్ని ఎలా తేవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంగ్లండ్‌లో ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు, థీసిస్‌లో ఆసియా సాంస్కృతిక దృక్పథం కనిపించాలని గైడ్ అంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. నేనూ అక్కడ చదివి వచ్చి ఇప్పుడు బీఈడీ వాళ్లకు పాఠాలు చెబుతున్నాను, నాకు పనికొచ్చింది చెబుతాను.

గురుకులాలు, ఉపనిషత్తులు అంటూ ఒక చాప్టర్ రాసి ముందు అతికించకండి. మిగతా థీసిస్ అంతా పాత కొలతలతోనే నడిస్తే దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. నా ఫీల్డ్‌వర్క్‌కి ఒక పరిశీలన ఫారం ఇచ్చారు, పిల్లలు ఎన్ని ప్రశ్నలు అడిగారో లెక్కపెట్టడానికి. తెలుగు మీడియం మూడో తరగతిలో వెనక కూర్చుంటే అందరూ కలిసి ఎక్కాలు చెబుతున్నారు, ఫారం లెక్కన ఆ సమయమంతా పిల్లలు ఊరికే కూర్చున్నట్టే. పాఠం అయ్యాక టీచరుగారిని అడిగాను. ఎవరి పెదవులు కాస్త ఆలస్యంగా కదులుతున్నాయో, పక్కవాడిది విని ఎవరు అందుకుంటున్నారో చూస్తానండీ, తర్వాత వాళ్లనే పలకతో దగ్గరికి పిలుస్తాను అన్నారు. ఆవిడ చేస్తున్న ఆ పనికి నా ఫారంలో చోటే లేదు, నా అసలు పరిశోధన ప్రశ్న మాత్రం అక్కడే దొరికింది.

కాబట్టి టీచర్లను అడగండి, వీలైతే వీడియో తీసి వాళ్లకే చూపించి అడగండి. అమెరికా పరిశోధకుడు జోసెఫ్ టోబిన్, మరో ఇద్దరు కలిసి జపాన్, చైనా, అమెరికా ప్రీస్కూళ్ల మీద ఇదే పద్ధతిలో చేసిన పని 1989లో పుస్తకంగా వచ్చింది. పిల్లలు కొట్టుకుంటుంటే క్యోటో టీచరు అడ్డుపడకపోవడం అమెరికా వాళ్లకు నిర్లక్ష్యంలా కనిపించింది, ఆవిడేమో పిల్లలే సర్దుకోవడం నేర్చుకోవాలని కావాలనే ఆగానని చెప్పింది. ఆవిడ మాట వినకపోతే ఆ వీడియోకి అర్థమే మారిపోయేది. అలాగే బట్టీ గురించి రాస్తుంటే వాట్కిన్స్, బిగ్స్ సంపాదకత్వంలో 1996లో హాంకాంగ్ నుంచి వచ్చిన వ్యాసాలు తప్పక చూడండి. అర్థం కాకుండా వల్లె వేయడం, అర్థం లోతుగా దిగడానికి వల్లె వేయడం ఒకటి కాదని చైనా టీచర్లు చెప్పిన సంగతి అందులో ఉంది. అయితే దాన్ని ఎత్తి తెచ్చి మన పిల్లలకు అంటించకండి, హాంకాంగ్ వేరు, ఆదిలాబాద్ వేరు. ఆసియా అన్న మాట తీసేసి ఊరూ తరగతీ రాస్తేనే పరిశోధన నిలబడుతుంది.

ఇక బోధన. నేను బీఈడీ క్లాసులో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో అక్కడి బడుల మీద ఇచ్చిన నివేదిక చదివిస్తాను. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే మన వీధిబడి పద్ధతిని ఇంగ్లండ్ అనుకరించడం సబబేనని మెచ్చుకున్నాడాయన (మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ 1797లోనే లండన్‌లో పుస్తకం వేసి ఈ పద్ధతిని అక్కడ పరిచయం చేశాడు). చదువుతుంటే మావాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. కానీ అదే నివేదికలో తెలుగు, కన్నడ బడుల్లో పిల్లలు అర్థం తెలియని పద్యాలు చదువుతున్నారని కూడా ఉంది, జిల్లా మొత్తం మీద 533 బడుల్లో 6,641 మంది ఉంటే ఆడపిల్లలు 60 మందే. ఆ వీధిబడి అరుగు మీదికి ఏ కులాల పిల్లలను రానిచ్చారు అని నేను తప్పకుండా అడుగుతాను, అక్కడ క్లాసు వేడెక్కుతుంది, వేడెక్కాలి కూడా. మన సంప్రదాయాన్ని పొగడటానికి మాత్రమే తీసుకొస్తే విద్యార్థులు రెండో రోజుకే నమ్మడం మానేస్తారు.

"ఇది మీ ఊరి విషయం, మాకెందుకు?" అని రివ్యూయర్ అడుగుతారు, సిద్ధంగా ఉండండి. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒక బడి మీద రాసినవాళ్లను ఆ ప్రశ్న అడగరు, నాకది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అయినా కోప్పడకుండా జవాబు రాయండి: మీకిచ్చిన ఫారం ఏ పనిని చూడలేకపోయిందో చూపించండి, ఆ ఫారం వాళ్ల బడుల్లోనూ వాడుతున్నారు కదా.