పెద్ద ముద్ర చౌక, చిన్న ముద్ర ఖరీదా?

ప్రశ్న: ఫ్లోరెన్స్‌లో చదువుతున్న మా అమ్మాయిని చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక షాపులో రెండు రెడ్ వైన్లు చూశాం. కియాంటి క్లాసికో బాటిల్ మీద డీవోసీజీ అని రాసి, మెడకు ప్రభుత్వ పట్టీ అంటించి ఉంది. పక్కదాని మీద ఐజీటీ తొస్కానా అని మాత్రమే ఉంది. కానీ దాని ధరే ఎక్కువ, అదీ కొన్ని రెట్లు! ఇందులో మోసమేమైనా ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: మోసమేమీ లేదండీ. ఆ ముద్ర చెప్పేది వైన్ ఏ ఊరిది, ఏ ద్రాక్షతో, ఏ పద్ధతిలో చేశారన్నది. ధర సంగతి దానికి పట్టదు.

వైన్ ఏ ప్రాంతానిదో హామీ ఇచ్చే ఇటలీ ముద్ర డీవోసీ. దాని చట్టం 1963లో వచ్చింది. దానిపై మెట్టయిన డీవోసీజీని 1980 నుంచి ఇస్తున్నారు. ఈ పై మెట్టులో నిబంధనలు చాలా గట్టివి. ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్‌లో చేసే బరోలో అనే రెడ్ వైన్‌నే తీసుకోండి. నెబ్బియోలో ద్రాక్ష తప్ప ఇంకోటి కలపకూడదు. 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే. బాటిళ్లలో నింపేముందు ల్యాబ్ పరీక్ష ఉంటుంది, ఆపైన నిపుణులు రుచి చూసి సరేననాలి. మీరు చూసిన పట్టీ మీద ఒక్కో బాటిల్‌కి ఒక్కో నంబర్ ఉంటుంది. మూత మీదుగా అంటిస్తారు కాబట్టి అది చిరగకుండా బాటిల్ తెరవలేరు. నకిలీలను ఆపడానికి ఇంత జాగ్రత్త పడటం నాకెంతో నచ్చుతుంది.

మరి కింది మెట్టు, నిబంధనలు తక్కువున్న ఐజీటీకి అంత ధరెందుకు? అసలు కథ ఇక్కడే ఉంది. ఒకప్పుడు కియాంటి రూల్స్ ప్రకారం రెడ్ వైన్‌లో తెల్ల ద్రాక్ష కలపడం తప్పనిసరి. దాంతో వైన్ పలచబడుతోందని కొందరు తయారీదారులు బాధపడ్డారు. వారిలో ఒకరైన అంతినోరి కుటుంబం 1971 పంట నుంచి 'తిన్యానెల్లో' అనే తమ వైన్‌కి కియాంటి పేరు వదిలేసి, మామూలు 'టేబుల్ వైన్' అనే అమ్మింది. చట్టం లెక్కలో అది అట్టడుగు తరగతి. అయినా జనం ఎగబడి కొన్నారు. చివరికి 1992లో చట్టం మార్చి ఐజీటీ అనే తరగతి పెట్టారు. తిన్యానెల్లో ఇప్పటికీ అందులోనే ఉంది. కియాంటి క్లాసికోలో తెల్ల ద్రాక్షను 2006 నుంచి పూర్తిగా నిషేధించారు. ముద్రను కాదనుకున్నవాళ్ల మాటే చివరికి నెగ్గిందన్నమాట.

అలాగని ప్రతి ఐజీటీ గొప్పదనుకోకండి. చవకరకాలూ అందులోనే ఉంటాయి. అక్కడ తయారీదారు పేరే చూడాలి.

మళ్లీ వెళ్లినప్పుడు మాత్రం కియాంటి క్లాసికోనే కొనండి, నా ఓటు దానికే. దాని గుర్తయిన నల్ల కోడిపుంజు బొమ్మ ఉందో లేదో చూడండి. 'రిజెర్వా' అని ఉంటే కనీసం 24 నెలలు నిల్వ ఉంచినట్టు. వెనక లేబుల్ మీద 'ఇంబొత్తిల్యాతో ఆలొరీజినే' అని చిన్న అక్షరాల్లో ఉంటే, ఆ ద్రాక్ష పండించినవాళ్లే వైన్ చేసి బాటిల్‌లో నింపారని అర్థం. నేనైతే ముందు ఆ అక్షరాల కోసమే వెతుకుతాను.