మొదటి ఎర్రర్ దగ్గరే ఆగు

చిరంజీవి చిన్నోడికి, బాబాయి ఆశీస్సులు.

రాత్రి బెంగళూరు మారతహళ్లి పీజీ నుంచి నువ్వు పంపిన సీ ప్రోగ్రామ్ ఫోటో చూశాను. స్క్రీన్ నిండా ఎర్రర్లే. టెన్షన్ పడకు. పైకి స్క్రోల్ చేసి మొదటిది చదువు. నువ్వు వాడిన ఒక టైపు (డేటా రకం) పేరు కంపైలర్‌కి, అంటే నీ కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్‌కి, తెలియలేదు. ఆ పేరు కనబడిన చోటల్లా గోల పెట్టింది, అంతే.

"హెడర్ పెట్టాను బాబాయ్, అయినా తెలియదంటోంది" అన్నావు. హెడర్ అంటే టైపులూ ఫంక్షన్లూ ఏవేవో కంపైలర్‌కి ముందే చెప్పే ఫైలు కదా, దాన్ని పాత హెడర్ నుంచి కాపీ కొట్టి ఉంటావు. పైన ఇఫ్‌ఎన్‌డెఫ్ (ఒకే హెడర్‌ని రెండుసార్లు చదవకుండా ఆపే లైను) పక్కన ఉన్న పేరు చూడు. రెండు ఫైళ్లకీ అదే పేరుంటే రెండోది చదవకుండానే దాటేస్తుంది, ఒక్క మాట కూడా చెప్పదు. నమ్మకం కుదరకపోతే నీ కంపైలర్ జీసీసీకి మైనస్ పెద్ద ఈ (-E) ఇచ్చి చూడు. ఇన్‌క్లూడ్ చేసిన హెడర్లన్నీ విప్పి చూపిస్తుంది, నీ టైపు అందులో ఉందో లేదో వెతుక్కో.

ఇక ఫోటోలో ఉన్న రెండో రకం ఎర్రర్, డిక్లరేషన్ (ఫలానా ఫంక్షన్ ఉందని ముందే చెప్పే లైను) లేని ఫంక్షన్ సంగతి. సీ కంపైలర్ పైనుంచి కిందికి చదువుతుంది, కింద రాసినదాన్ని పైన పిలిస్తే దానికి తెలియదు. ప్రోటోటైప్, అంటే ఫంక్షన్ ఏం తీసుకుంటుందో ఏం ఇస్తుందో చెప్పే డిక్లరేషన్, పైన పెట్టు. సిద్ధంగా దొరికే లైబ్రరీ ఫంక్షన్ అయితే టెర్మినల్లో మ్యాన్ 3 కొట్టి దాని పేరివ్వు, ఏ హెడర్ కావాలో మొదట్లోనే ఉంటుంది.

మీ సీనియర్ మెషీన్లో అదే కోడ్‌కి వార్నింగే వస్తోందంటే అతనిది పాత జీసీసీ. డిక్లరేషన్ లేకపోతే ఆ ఫంక్షన్ ఇంట్ (పూర్ణాంకం) ఇస్తుందనుకోవడం పాత పద్ధతి. సీ99 (1999 నాటి సీ ప్రమాణం) దాన్ని తీసేసినా జీసీసీ 2024లో 14వ వెర్షన్ వచ్చేదాకా వార్నింగ్‌తోనే సరిపెట్టింది. ఎర్రర్ని మళ్లీ వార్నింగ్ చేసే ఫ్లాగ్ అతను చెబితే వినకు. ఒకప్పుడు నేనూ ఆ వార్నింగ్ పట్టించుకోలేదు. పాయింటర్ (మెమరీ అడ్రసు) ఇచ్చే నా సొంత ఫంక్షన్‌కి ప్రోటోటైప్ పెట్టలేదు, పైగా క్యాస్ట్ (బలవంతంగా టైపు మార్చడం) రాసి రెండో వార్నింగ్ నోరు కూడా నొక్కాను. 32 బిట్‌లో హాయిగా నడిచింది. 64 బిట్‌కి మార్చగానే, ఇంట్ 32 బిట్లే కాబట్టి, అడ్రసులో సగం తెగిపోయి కూలింది. దొరకడానికి వారం పట్టింది, అది కూడా పక్క సీటతను చెబితే.

అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అని వస్తే మాత్రం హెడర్లు కెలకకు. అది కంపైల్ అయిన ముక్కల్ని కలిపే లింకర్ గొడవ. స్క్వేర్ రూట్‌కి వస్తే కమాండ్ చివర మైనస్ ఎల్ఎం (-lm, గణిత లైబ్రరీని కలపమని) చేర్చు, చివరే పెట్టాలి సుమా.

ముందు ఆ ఇఫ్‌ఎన్‌డెఫ్ చూడు. తర్వాత కూడా ఏమైనా మిగిలితే మొత్తం స్క్రీన్ కాదు, మొదటి ఎర్రరూ ఆ లైనూ మాత్రం పంపు.

మీ బాబాయి