చిన్నా, సీడీ4 180 అని కంగారు పడకు

చిన్నా, నువ్వు పంపిన హెచ్‌ఐవీ రిపోర్ట్ చూశాను. ఇంట్లో ఎవరికి చెప్పాలో నీ ఇష్టం, నా నోటి నుంచి మాత్రం రాదు. హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా చాలామందిని చూసిన పెద్దమ్మగా చెప్తున్నా, కాస్త ఓపిగ్గా చదువు.

సీడీ4 కణాలంటే ఒక రకం తెల్లకణాలు, దొంగ రాగానే కేకలేసి ఊరిని లేపే కావలివాళ్లు అనుకో. ఒంట్లోకి జబ్బు దూరితే మిగతా తెల్లకణాలని పనిలోకి దింపేది ఇవే, హెచ్‌ఐవీ సరిగ్గా వీటినే పట్టుకుంటుంది. కణం మీదుండే సీడీ4 ప్రోటీన్‌కి అతుక్కుని లోపలికెళ్తుంది, తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చుకుని మన డీఎన్‌ఏలోనే కలిసిపోతుంది, ఇక ఆ కణం వైరస్ కాపీలు తయారుచేసి చేసి చచ్చిపోతుంది. ఇదంతా ఏళ్ల తరబడి జరుగుతున్నా పైకి ఏమీ తెలీదురా, అదే బాధ. మామూలుగా 500 నుంచి 1500 దాకా ఉండాల్సిన కౌంట్ 200 కంటే తగ్గితే టీబీ లాంటివి తేలిగ్గా మీద పడతాయి.

హెచ్‌ఐవీకి ఇచ్చే టీఎల్‌డీ మాత్రలో మూడు మందులున్నాయి, రెండు ఆ ఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏగా మారకుండా ఆపుతాయి, డోలుటెగ్రావిర్ అది మన డీఎన్‌ఏలో కలవకుండా ఆపుతుంది. కానీ ఇప్పటికే వైరస్ దాక్కున్న కణాలు కొన్ని నిద్రపోతున్నట్టు పడుంటాయి, వాటిని ఏ మందూ తీసెయ్యలేదు. అందుకే ఒంట్లో బాగుందని మానేస్తే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పైకి లేస్తుంది. ఎవరో నాటు మందుతో పూర్తిగా పోతుందంటే నమ్మకు, ఆ మాట విని మానేసినవాళ్లని చూసి ఏడ్చాను. 2004కి ముందు ఈ మందులు గవర్నమెంట్ ఫ్రీగా ఇచ్చేది కాదు, కొనలేక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో.

రోజూ ఒకే టైంకి వేసుకో, ఫోన్‌లో అలారం పెట్టుకో. ముందు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో ఆ లెక్క, పడిపోతుంది, సీడీ4 మాత్రం నెమ్మదిగా పెరుగుతుంది, జలుబు చేసినా అటూఇటూ అవుతుంది కాబట్టి ఒక్క నంబర్ చూసి నిద్ర పాడుచేసుకోకు. ఆరు నెలలకి చేసే వైరల్ లోడ్ టెస్ట్ మాత్రం తప్పించొద్దు. వైరస్ టెస్ట్‌లో కనపడనంత తగ్గి అలాగే నిలబడితే సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు, నీ పెళ్లి గురించి అప్పుడు ధైర్యంగా మాట్లాడుకుందాం.

గ్యాస్ మందు తాగే అలవాటుంది కదా నీకు, టీఎల్‌డీతో కలిపి తాగకు, మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగు, గ్యాస్ మందు ముందే తాగేస్తే మాత్ర వేసుకోడానికి ఆరు గంటలు ఆగాలి. ఎల్లుండి సెంటర్‌కి ఆ సీసా కూడా పట్టుకెళ్లి చూపించు. దగ్గు, జ్వరం, రాత్రిపూట చెమటలు, బరువు తగ్గడం, ఏదున్నా దాచకుండా చెప్పు, టీబీ ఉంటే ముందు దానికి మందులు మొదలెట్టాలి.