కోవిడ్ నిధుల్లో మండలానికి వాటా ఎందుకంటే

అన్నా, 2021లో గుత్తి దగ్గర మీ ఊర్లో బ్లీచింగ్ చల్లింది పంచాయతీ అయితే మండల పరిషత్తుకు వాటా ఎందుకు పోయిందని అడిగినారు. ఆ మే నెలలో కేంద్రం 25 రాష్ట్రాలకు ముందుగా వదిలిన 8,923.8 కోట్లు కోవిడ్ కోసం పెట్టిన కొత్త పద్దు కాదు, 15వ ఆర్థిక సంఘం సిఫార్సు మీద స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటే. మూడు అంచెలకూ పంచాల్సిందే: పంచాయతీలకు 70–85 శాతం, మండలాలకు 10–25, జిల్లా పరిషత్తుకు 5–15. ఆ హద్దుల్లో ఎవరికెంతో రాష్ట్రం తేల్చింది. కేసులు ఎక్కువున్న ఊరికి ఎక్కువ అనే లెక్కే లేదు, ప్రధానంగా జనాభా, కొంత విస్తీర్ణం చూశారు. (నాకైతే ఇది మింగుడు పడదు.)

మండలం వాటా దేనికి ఖర్చయిందో కావాలంటే ఎంపీడీఓ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అందులో ‘2021–22 అన్‌టైడ్ గ్రాంటు (ఫలానా పనికే వాడాలని కట్టుబాటు లేని నిధి), మొదటి విడత’ అని రాయండి, లెక్కల్లో ఆ డబ్బు పేరు అదే. ‘కోవిడ్ నిధులు’ అని రాస్తే అలాంటి పద్దే లేదని జవాబిచ్చి చేతులు దులుపుకుంటారు.