జువావులు, టుర్కోలు ఒకేలా కనిపిస్తుంటే

1914 నాటి ఫ్రెంచి సైన్యంలో ఉత్తర ఆఫ్రికా కాల్బలాలైన జువావుల, టుర్కోల మీ సైనిక బొమ్మలను విడిగా గుర్తుపట్టలేకపోతున్నామని, అన్నిటికీ ముదురు నీలమే వేశామని రాశారు. పొరపాటు అక్కడే జరిగిందండీ. ముదురు నీలం కోటు, ఎర్ర అంచు జువావులవి. టుర్కోలకు, అంటే అల్జీరియా తిరాయ్యర్లకు (తుపాకీ సిపాయిలకు), లేత నీలం కోటు, పసుపు అంచు ఉండాలి.

ఛాతీకి రెండు వైపులా ఉండే గుండ్రని భాగాన్ని మాత్రం దయచేసి వదలకండి. రెజిమెంటు ఏదో చెప్పేది అదే: ఒకటవదానికి ఎరుపు, రెండవదానికి తెలుపు, మూడవదానికి పసుపు, నాలుగవదానికి నీలం. సన్నని కుంచెతో ఓపికగా వేస్తే బొమ్మకు ప్రాణం వస్తుంది.

ముఖాలూ ఒకే రంగులో వద్దు. జువావు అనే పేరు ఉత్తర ఆఫ్రికాలోని ఒక బెర్బర్ తెగ నుంచి వచ్చినా, అప్పటికి వారిలో ఎక్కువమంది ఫ్రెంచివారే. టుర్కో సిపాయిల్లో ఎక్కువమంది అల్జీరియన్లు.

1915లో ఈ దళాలకు ఆవపిండి ఛాయ ఖాకీ దుస్తులు వచ్చాయి కనుక, ఆ తరువాతి యుద్ధాలకు ఈ రంగులు పనికిరావు.