సినిమా ఎలా ఉందని అడిగితే ఏం చెప్పాలి

చి. కిరణ్‌కి,

పెద్దత్త ఆశీస్సులు. ఆదివారం సాయంత్రం మీ అపార్ట్‌మెంట్ మేడ మీద సినిమా కబుర్లు మొదలయ్యాయనీ, శుక్రవారం వచ్చేసరికి వాచ్‌మన్ దగ్గర్నుంచి మూడో ఫ్లోర్ మేడంగారి దాకా "ఏం చూడొచ్చు బాబూ" అని నిన్నే అడుగుతున్నారనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు చెప్పిన రెండు సినిమాలూ ఎవరికీ ఎక్కలేదని కూడా చెప్పింది. ఆ రెండూ మంచి సినిమాలేరా. తిరకాసంతా నువ్వు చెప్పిన తీరులో ఉంది.

"చాలా బావుంది, తప్పకుండా చూడండి" అన్నావట. దాన్నిబట్టి నీకు నచ్చిందని తెలుస్తుంది, అంతే. చూడబోయేది వాళ్లు. కాబట్టి సినిమా పేరు నోట్లోంచి వచ్చేముందు వాళ్లని నాలుగు సంగతులు అడుగు: ఎవరెవరు కూర్చుని చూస్తారు, హాల్లోనా ఇంట్లోనా, ఎంత టైముంది, ఈమధ్య సగంలో ఆపేసిన సినిమా ఏది. నాలుగోది అన్నిటికంటే పనికొస్తుంది. ఏ సినిమాలు ఇష్టమని అడిగితే పదిమందిలో బావుండే పేర్లు చెబుతారు. ఏది కట్టేశారని అడిగితే మాత్రం నిజమే చెబుతారు. "నెత్తురు చూళ్లేక ఆపేశా"నన్నవాళ్లకీ, "గంటైనా కథ కదల్లేద"న్నవాళ్లకీ, "నిద్రొచ్చింద"న్నవాళ్లకీ మందు ఒకటి కాదు. నిద్రొచ్చినవాళ్ల విషయంలో సినిమా తప్పు లేకపోవచ్చు కూడా. రాత్రి పదిన్నరకి అన్నం తిని మొదలెడితే ఏ సినిమా అయినా జోలపాటే.

జవాబు విన్నాక ఒక్క సినిమానే చెప్పు, మహా అయితే రెండు. పది పేర్లు ఇచ్చావంటే ఆ కాయితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉండిపోతుంది.

ఇక చెప్పే తీరు. కేరాఫ్ కంచరపాలెం గురించి నువ్వు రాసింది మీ అమ్మ నాకు చూపించింది: "అల్టిమేట్ మూవీ. మన వైజాగ్ సినిమా. క్లైమాక్స్ ట్విస్ట్‌కి మైండ్ పోతుంది." ఇందులో వైజాగ్ అన్న ఒక్క మాటే ఉపయోగం. ట్విస్టుందని చెప్పడం అన్నిటికంటే పెద్ద నష్టం. అది ఏమిటో చెప్పకపోయినా, ఉందని తెలిశాక మనిషి సినిమా చూడ్డం మానేసి పొడుపుకథ విప్పడం మొదలెడతాడు. ప్రతి పాత్రనీ అనుమానంగా చూస్తాడు. ఆ రెండున్నర గంటలూ వాడి చేతిలోంచి నువ్వు లాక్కున్నట్టే. నేనైతే ఇలా రాస్తాను:

"కేరాఫ్ కంచరపాలెం, 2018. దర్శకుడు వెంకటేష్ మహా. మన కంచరపాలెంలోనే తీశారు. నటించినవాళ్లలో చాలామంది అక్కడి మామూలు జనం, అంతకుముందు కెమెరా ముందుకి రానివాళ్లు. రెండున్నర గంటలు. వేరువేరు వయసుల్లో నాలుగు ప్రేమకథలు పక్కపక్కన నడుస్తాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి చప్పున దూకుతుంది. మొదటి అరగంట ఎవరు ఎవరో సర్దుకోవడానికి పడుతుంది, ఓపిక పట్టండి. కులం, మతం అడ్డొచ్చే కథలున్నాయి. యాస మనదే. పెద్ద హీరో, పెద్ద ఫైట్లు లేవు. ఇంట్లో నలుగురూ కలిసి చూడొచ్చు."

ఇందులో పొగడ్త ఒక్కటి కూడా లేదు చూడు. అయినా చదివినవాడికి ఇది తనకి పడుతుందో లేదో తెలిసిపోతుంది. మొదటి అరగంట సంగతి ముందే చెప్పాం కాబట్టి ఇరవయ్యో నిమిషంలో రిమోట్ పట్టుకోడు. సినిమాలో ఓపిక పట్టాల్సిన చోటు ఎక్కడుందో చెప్పడం, నా లెక్కలో, సగం పని. ఎంతవరకు కథ చెప్పొచ్చు అంటావా? మొదటి ఇరవై నిమిషాల్లో తెలిసేదీ, ట్రైలర్లో వాళ్లే చూపించేసిందీ. అక్కడితో ఆపు.

బరువైన సినిమా అయితే ముగింపు చెప్పకుండానే బరువు చెప్పొచ్చు. మరోచరిత్ర ఉంది కదా, 1978లో బాలచందర్ తీసింది. అప్పటి మన బీచీ, భీమిలీ కళ్లారా చూడాలని పాత వైజాగ్ వాళ్లు అడుగుతుంటారు. "బ్లాక్ అండ్ వైట్, పగలు చూడండి, మర్నాడు పొద్దున్నే పెళ్లికి వెళ్లాల్సి ఉంటే వద్దు" అను. అర్థమైపోతుంది.

ఏ ప్రింటు చూడాలో చెప్పకపోతే చెప్పిందంతా వృథా. మాయాబజార్ 1957లో బ్లాక్ అండ్ వైట్లో వచ్చింది. 2010లో రంగులద్ది, తెరని సినిమాస్కోపు వెడల్పుకి సాగదీసి, నిడివి కూడా తగ్గించి మళ్లీ వదిలారు. పిల్లలకి రంగుల్ది పెట్టు, తప్పులేదు. ఫ్రేమింగు గురించి, వెలుగునీడల గురించి మాట్లాడుకునే రోజున మాత్రం పాతదే పెట్టాలి. చదరానికి దగ్గరగా ఉండే బొమ్మని వెడల్పు చేస్తే పైనో కిందో కోత తప్పదు. యూట్యూబ్‌లో దొరికే పాత సినిమాల్లో ఈ రోగం మరీ ఎక్కువ: నుదురు దగ్గర తెగిన తలలు, లేదంటే పక్కకి సాగిపోయిన మొహాలు. ముందు రెండు నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది. టైటిల్స్‌లో అక్షరాలు అంచుల దగ్గర తెగాయా చూడు, గుండ్రటి వస్తువు కోడిగుడ్డులా ఉందా చూడు.

డబ్బింగు, రీమేకుల దగ్గర ఇంకో చిక్కు. మలయాళం సినిమా చెప్పేటప్పుడు తెలుగు ఆడియో ఉందో లేదో నువ్వే తెరిచి చూసి చెప్పు. ఉందనుకుని కూర్చోబెడితే అది హిందీలో మొదలవుతుంది, ఇంట్లో పెద్దవాళ్లు ఐదు నిమిషాల్లో లేచిపోతారు. సబ్‌టైటిల్స్ ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి చదవగలిగేవాళ్లకి మూలభాష, మిగతావాళ్లకి డబ్బింగు. డబ్బింగులో పోయేది పెదాల కదలిక ఒక్కటే కాదురా, యాస పోతుంది. కొట్టాయం మనిషీ కోజికోడ్ మనిషీ తెలుగులో ఒకేలా మాట్లాడేస్తారు. రీమేకైతే "రెండోది చూశారా" అని ముందే అడుగు. మహేషింటె ప్రతికారం 2016లో ఇడుక్కి కొండల్లో తీసింది. దాన్నే వెంకటేష్ మహా 2020లో ఉమామహేశ్వర ఉగ్రరూపస్యగా మన అరకుకి తెచ్చాడు. ఒకటి చూసినవాళ్లకి వెంటనే రెండోది చెబితే సినిమా చూడరు, తేడాలు లెక్కపెడతారు. కొన్నాళ్లు పోనిచ్చి చెప్పు. మీ మేడ మీద మాటలకైతే ఆ జంట మంచి సరుకు. ఏ సీను కేరళలో కుదిరి అరకులో కుదరలేదో, ఏది ఇక్కడికొచ్చాక ఇంకా బావుందో ఒక గంట నడుస్తుంది.

ఇంట్లో చూసేవాళ్లకి టీవీ సంగతి చెప్పడం మర్చిపోకు. సినిమా సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేములు. కొత్త టీవీలు మధ్యలో తమ సొంత ఫ్రేములు కల్పించి నున్నగా చేస్తాయి. అందుకే కోటి రూపాయల సెట్టు కూడా సీరియల్‌లా కనపడుతుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో శామ్‌సంగ్‌కి ఆటో మోషన్ ప్లస్ అనో పిక్చర్ క్లారిటీ అనో, ఎల్జీకి ట్రూమోషన్ అనీ, సోనీకి మోషన్‌ఫ్లో అనీ ఉంటుంది, ఆపేయమను. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టుకుంటే చాలు. మాటలు వినపడక పాటలకి ఇల్లు అదిరిపోతోందని ఫిర్యాదు వస్తే, ఆడియోలో 5.1 (చుట్టూ పెట్టిన ఆరు స్పీకర్లకి విడదీసిన సౌండు) తీసేసి స్టీరియో పెట్టమను. 5.1లో మాటలు మధ్య స్పీకర్‌కి వెళతాయి, ఆ స్పీకరే లేని టీవీలో అవి అడుగున పడిపోతాయి.

హాలుకి వెళ్లేవాళ్లకి ఏ హాలో చెప్పు. మన ఊళ్లో జగదాంబ జంక్షన్‌కి సినిమా హాలు పేరే పడిందంటే హాళ్ల మీద మనకెంత మమకారమో చూడు. జనం, ఈలలు, పెద్ద తెర కావాలంటే జగదాంబ వైపు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి లిఫ్టు ఉన్న మల్టీప్లెక్సు నయం, మద్దిలపాలెం సీఎంఆర్ లాంటిది. బీచ్ రోడ్డు వరుణ్‌కి ఆదివారం ఫస్ట్ షో అంటే బండి పెట్టడానికే అరగంట వేసుకోవాలి, మ్యాట్నీ మేలు. గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు వాళ్లకి ఊళ్లో సెకండ్ షో చెప్పకు. మూడు గంటల సినిమా పన్నెండున్నర దాటాక వదుల్తారు, ఆటోవాడు అడిగేది టికెట్టు కంటే ఎక్కువవుతుంది. సీటు వెనక నుంచి మూడో వంతు దగ్గర, మధ్యలో తీసుకోమను. సౌండు ఇంచుమించు అక్కడ కూర్చుని సరిచేస్తారు.

పిల్లలున్న ఇంటికి సర్టిఫికెట్ చూసి చెప్పు. 2023లో సినిమాల చట్టం సవరించాక, పిల్లలు పెద్దల సలహాతో చూడొచ్చనే యూఏని మూడు ముక్కలు చేశారు: 7+, 13+, 16+. అవి తల్లిదండ్రులకి సూచనలు, గేటు దగ్గర ఆపడానికి కాదు. 'A' (పెద్దలకి మాత్రమే) సర్టిఫికెట్ అయితే పద్దెనిమిది లోపువాళ్లని లోపలికి రానివ్వకూడదు. ఓటీటీలో కనపడే వయసు గుర్తు ఆ సంస్థ తనే వేసుకునేది, సెన్సార్ బోర్డు వేసింది కాదు. ఏ గుర్తైనా ఎందుకు వచ్చిందో పూర్తిగా చెప్పదు. నెత్తురా, బూతులా, భయపెట్టే చప్పుళ్లా అన్నది నువ్వు చెప్పాలి. ఒకింట్లో బూతు పరవాలేదు, దెయ్యం పనికిరాదు. ఇంకో ఇంట్లో దానికి తలకిందులు.

ఇప్పుడు మీ ఆదివారం మాటల గురించి. "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్" అనే మాట విన్నప్పుడల్లా "ఎక్కడ?" అని అడుగు. ల్యాగ్ అన్నది జ్వరం లాంటిది, కారణం వేరే ఉంటుంది. మన సినిమాల్లో మామూలుగా కనపడేవి కొన్ని ఉన్నాయి. ఇంటర్వెల్ దగ్గర గొంతు మీద కత్తి పెట్టి, తిరిగి వచ్చి కూర్చోగానే డ్యూయెట్ వేస్తారు, బిగువు సడలిపోతుంది. ప్రేక్షకుడు ముందే ఊహించేసిన గతాన్ని ఇరవై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్‌గా చూపిస్తారు. మనం కళ్లారా చూసిన సంగతిని ఒక పాత్ర ఇంకో పాత్రకి మొదట్నుంచీ చెబుతుంది. హీరోకి కావాల్సింది మధ్యలో మారిపోతుంది, ఎందుకు మారిందో మనకి అందదు. ఇంకోటి: విలన్ ఏం చేసినా హీరోకి ఏమీ కాదని తెలిసిపోతుంది, ఇక ఫైటు ఎంత ఖర్చుపెట్టి తీసినా ఆవలింతే. "ఇంటర్వెల్ తర్వాత రెండో పాట తీసేస్తే సరిపోయేది" అన్నవాడు సినిమా చూసినట్టు.

అలా చెప్పగలగాలంటే రాసుకోవాలి. హాల్లోంచి బయటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకముందే ఐదు లైన్లు చాలు: తేదీ, ఎక్కడ ఏ భాషలో చూశావో, కళ్లలో నిలిచిపోయిన ఒక్క సీను, ఫోన్ చూసుకున్న చోటు, ఎవరికి చెప్పొచ్చో. ఫోన్ చూసుకున్న చోటు తప్పకుండా రాయి. పక్కవాళ్ల అభిప్రాయం చెవిన పడ్డాక మన అభిప్రాయం ఏదో మనకే గుర్తుండదు. మర్నాడు ఆ ఐదు లైన్లూ చదివితే, ఇంకా అలాగే అనిపిస్తే, అప్పుడు పదిమందికి చెప్పు.

ఫ్యాన్స్ షోలో చూసి వచ్చావనుకో, పాటల ఊపు గురించి మాట్లాడు, డైలాగుల గురించి తీర్పు ఇవ్వకు. నీకు సగం వినపడలేదు. రేటింగు అడిగితే అంకె ఇవ్వకు. ముఖ్యంగా ఆ ఐదుకి 2.75. అటు నిర్మాత ఇటు ప్రేక్షకుడు ఇద్దరూ తిట్టకుండా దాక్కోవడానికి కనిపెట్టిన గూడు అది. కలెక్షన్ల గొడవ వస్తే, గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, షేర్ అంటే పన్నులూ హాలు అద్దే పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేదని ఒకసారి చెప్పి వదిలేయ్. రెండింటిలో ఏదీ సినిమా బావుందో లేదో చెప్పదు.

ఒక హీరో అభిమాని ఎదురుగా ఉన్నప్పుడు హీరో పేరు ఎత్తకుండా మాట్లాడ్డం నేర్చుకో. "మీవాడు నటించలేదు" అంటే ఆ పూటకి మాటలైపోయినట్టే. "ఆ ఆసుపత్రి సీన్లో కెమెరా అంత దూరంగా ఎందుకు పెట్టారంటావ్?" అని అడుగు. వాడే ఆలోచించి, వాడే ఒప్పుకుంటాడు, లేదా నువ్వు చూడనిది చూపిస్తాడు. అలాంటివాళ్లు తమ హీరో సినిమా ఐదారుసార్లు చూసి ఉంటారు. ఒక్కసారి చూసిన నీకంటే వాళ్లకి సీన్లు బాగా తెలుసు, అది వాడుకో. చూడనివాళ్లు మేడ మీద ఉంటే ముగింపు మాటలు చివరి పావుగంటకి ఉంచి, ముందే చెప్పి వాళ్లని కిందికి పంపు. టీకి పంపిస్తే చిన్నబుచ్చుకోరు.

చివరగా ఒక పేజీ పెట్టుకో. ఎవరికి ఏం చెప్పావు, చూశారా, ఎక్కడ ఆపేశారు. మూడోసారికి మనిషి అర్థమవుతాడు. నచ్చలేదన్నవాళ్లతో వాదించకు, ఎన్నో నిమిషంలో నచ్చడం మానేసిందో అడిగి రాసుకో. అసలు చెప్పేటప్పుడే "నలభై నిమిషాలు చూడండి, పట్టకపోతే కట్టేయండి" అని వెసులుబాటు ఇవ్వు. మన సినిమాల్లో ఆపాటికి కథ ఏమిటో తేలిపోతుంది. కట్టేసినా నీ మీద కోపం ఉండదు, వచ్చే శుక్రవారం మళ్లీ అడుగుతారు.

మూడో ఫ్లోర్ మేడంగారికి ఈ వారం ఏం చెప్పాలో నన్నడిగావట. ఆవిడ సగంలో ఆపేసిన సినిమా ఏదో కనుక్కుని రాయి, అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దత్త
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం