హంస కాని పిల్లలకు ఏ కథ చెప్పాలి?

పిల్లలు – పుస్తకాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు. ఒంటి రంగు నలుపు. ఈమధ్య బంధువుల పెళ్లిలో తోటి పిల్లలు ‘నల్లపిల్ల’ అని ఏడిపించారని ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చింది. ఓదార్చడానికి ‘అనాకారి బాతుపిల్ల’ కథ చెప్పాను. అంతా విని, ‘అయితే నేను పెద్దయ్యాక తెల్లగా అవుతానా అమ్మా?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ కథ చెప్పడమే పొరపాటా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మీ పొరపాటేమీ లేదమ్మా. మీ అమ్మాయి ఆ కథను మనకంటే శ్రద్ధగా వింది, అంతే. డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1843లో ప్రచురించిన ఆ కథలో బాతుపిల్లను ఉన్నది ఉన్నట్టుగా ఇష్టపడేవారు దాదాపు లేరు. తోటి బాతులు కరుస్తాయి, కోళ్లు పొడుస్తాయి, మేత వేసే పిల్ల కాలితో తన్నుతుంది, మొదట్లో వెనకేసుకొచ్చిన తల్లి సైతం చివరికి ఇది ఎక్కడికైనా పోతే బాగుండునంటుంది. చలికాలమంతా అష్టకష్టాలు పడి, వసంతంలో నీళ్లలో తన నీడ చూసుకునే వేళకు అది హంస అయి ఉంటుంది. వెక్కిరింపు ఆగింది పెరట్లోవాళ్ల బుద్ధి మారినందువల్ల కాదు, పిల్ల రూపం మారినందువల్ల. రంగు గురించి మాటపడిన పిల్లకు ఇందులో ‘రూపం మారేదాకా ఓపిక పట్టు’ అన్న మాట వినిపించిందంటే, అది కథలో ఉన్న మాటే.

ఓడెన్సె పట్టణంలో చెప్పులు కుట్టే తండ్రికి, బట్టలు ఉతికే తల్లికి పుట్టి, దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న ఆండర్సన్‌కు అది సొంత కథ. అందువల్ల దాని తీపి ఆయనకు తెలుసు. అయితే హంస గుడ్డులోంచి వచ్చినదానికి బాతుల పెరట్లో పుట్టడం ఒక లెక్కలోది కాదని కథ చివర్లో ఆయన ఒక మాట అంటాడు. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టే అలవాటు ఇంకా పోని మన ఇళ్లలో ఆ మాటను పిల్లల చెవిన వేయడానికి నేనైతే జంకుతాను.

అలాగని కథను పక్కన పెట్టనక్కరలేదు. మన చెప్పుడులో తరచుగా జారిపోయే ఘట్టం ఒకటి అందులో ఉంది. బాతుపిల్ల ఒక ముసలామె గుడిసెలో తలదాచుకున్నప్పుడు, అక్కడి కోడి ‘నీకు గుడ్లు పెట్టడం వచ్చా?’ అనీ, పిల్లి ‘వీపు విల్లులా వంచడం వచ్చా?’ అనీ నిలదీస్తాయి. రాకపోతే నోరు మూసుకోమంటాయి. నీళ్లలో మునిగి ఈదాలని ఉందని అది చెబితే మతి పోయిందంటాయి. తమకు వచ్చినదే విద్య అనుకునే ఆ ఇద్దరినీ గొంతు మార్చి చెప్పి చూడండి, మీ అమ్మాయి నవ్వుతుంది. పెళ్లిలో ఏడిపించినవాళ్లు కోడి, పిల్లి లాంటివాళ్లని తనకు తానే పోల్చుకుంటుంది కూడా.

ఇక ఆమె అడిగిన ప్రశ్నకు ‘తెల్లగా అవవు, అవనక్కరలేదు’ అని సూటిగా జవాబు చెప్పండి. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఆమె రంగును బట్టే వచ్చిందనీ, ఆ కథలో ఆమెను ఎవరూ తెల్లబరచలేదనీ చెప్పండి (టీవీ ధారావాహికలు ఆ పని చేస్తున్నాయి, అది వేరే సంగతి). మరొక మాట, కాస్త కటువుగా ఉన్నా అంటాను. పిల్లల నోటికి ఆ వెక్కిరింపు పెద్దల నోటినుంచే వచ్చి ఉంటుంది. ‘నలుపైనా కళగల ముఖం’ అని మెచ్చుకునేటప్పుడు మనం వాడే ఆ ‘ఐనా’ను పిల్లలు వింటూనే ఉంటారు.

ప్రశ్న: మా మనవడు పోలియో వంటి జబ్బేదీ లేకుండానే పుట్టుకతో కాలు వంకరగా ఉన్నవాడు. వాడికి అష్టావక్రుడి కథ చెప్పవచ్చునా?
– ఒక తాతగారు, కరీంనగర్

జవాబు: తప్పకుండా చెప్పండి, కానీ రెండుచోట్ల జాగ్రత్త పడండి. సభలో పండితులు నవ్వినప్పుడు అష్టావక్రుడు వారిని తోలు చూసి వెల కట్టే చర్మకారులన్నాడని జనంలో బాగా ప్రచారంలో ఉంది. ఒకరిని చిన్నచూపు చూడవద్దని చెప్పే కథలో ఇంకొకరి వృత్తిని తిట్టుగా వాడటం ఏం న్యాయం? దాన్ని వదిలేయండి. మహాభారతం అరణ్యపర్వంలో ద్వారపాలకుడు అతణ్ణి అడ్డగించేది ఒంటి వంకరలను చూసి కాదు, పన్నెండేళ్ల పసివాడని. తల నెరిసినంత మాత్రాన ఎవడూ పెద్దవాడు కాడని అతడు వాదించి లోపలికి వెళ్తాడు, ఆస్థాన పండితుడు వందిని వాదంలో ఓడించి, అంతకుముందు అతని చేతిలో ఓడి నీటిపాలైన తండ్రిని దక్కించుకుంటాడు. ఆ వాదం పిల్లలకు ఎంతో నచ్చుతుంది.

రెండోది ముగింపు. తండ్రి మాటపై సమంగా నదిలో మునిగితే అష్టావక్రుడి అవయవాలు సరి అయ్యాయని భారతం చెబుతుంది. మీ మనవడికి అలాంటి నది లేదు. తండ్రీకొడుకులు కలుసుకున్న చోట కథ ఆపినా ఆ బాలుడి గెలుపు తగ్గదు. పెద్దయ్యాక తానే చదువుకుని ‘తాతయ్యా, ఇది చెప్పలేదేం?’ అంటే, అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ప్రశ్న: మారకుండానే మన్నన పొందిన పాత్రలున్న కథలు కావాలి. మూడో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తాను.
– ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం

జవాబు: మన్రో లీఫ్ రాయగా రాబర్ట్ లాసన్ బొమ్మలు వేసిన ఫెర్డినాండ్ కథ 1936లో అమెరికాలో వచ్చింది. స్పెయిన్‌లోని ఒక కోడెదూడ తోటి దూడల్లా కుమ్ములాడదు. చెట్టు నీడన కూర్చుని పూల వాసన చూస్తుంటుంది. ఒంటరిదైపోతుందేమోనని తల్లి ఒకసారి అడుగుతుంది, దానికి అలాగే హాయిగా ఉందని తెలిశాక ఇంకేమీ అనదు. మాడ్రిడ్‌లో ఎడ్ల పోరుకు తీసుకెళ్లినా అది ఆడవాళ్ల తలల్లోని పూల వాసన చూస్తూ కూర్చుంటే, చేసేదిలేక ఇంటికి పంపేస్తారు. కథ ముగిసేటప్పటికి మళ్లీ అదే చెట్టు కింద ఉంటుంది. ఇంత చిన్న కథను నియంత ఫ్రాంకో స్పెయిన్‌లో నిషేధించాడు.

తెలుగులో ‘రైలుబడి’గా దొరికే తొత్తోచాన్ అనే చిన్నపాప బడి అనుభవాలు (జపాన్ మూలం 1981) ఇంకా మేలు. టోక్యోలోని ఆ బడిలో ఒక పిల్లవాడు ఎదగని పొట్టి కాళ్లూ చేతులూ కలవాడు. ఆటల పండుగలో మాత్రం ఆటలే అతని ఒడ్డూపొడుగూకు నప్పేలా ఉంటాయి, అన్నిటా అతనే గెలుస్తాడు, బహుమతులుగా కూరగాయలు ఇస్తారు. ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మార్చింది పిల్లవాణ్ణి కాదు, పందేన్ని.

చదివాక ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడగకండి. ‘బాతుల పెరట్లో నువ్వుంటే ఏం చేసేవాడివి?’ అని అడగండి. మీ తరగతిలో అలా మాటపడే పిల్ల ఉంటే, ఆ పిల్ల వైపు చూడకుండా కథ చదవండి. మిగతా ముప్ఫైమంది కళ్లు మీ చూపు వెంటే వెళ్తాయి.